ఇరవై రెండో గడి

ఫారంలో నూట నలభై మూడు గడులున్నాయి. నేనే లెక్కపెట్టాను. మీటింగులో కోపం వస్తే ఏదో ఒకటి లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు. ముందు కిటికీ చువ్వలు లెక్కపెట్టాను. అవి పద్దెనిమిదే, కోపం తగ్గేలోపే అయిపోయాయి. అప్పుడు ఫారం మీద పడ్డాను.

ఆ ఫారం మా ప్రోగ్రామరు సృష్టి. తెలివైనవాడు, ఒళ్ళు దాచుకోడు. కానీ ఒక గడి కనిపిస్తే పక్కన ఇంకో గడి గీయందే అతనికి ముద్ద దిగదు.

"అన్నీ ఉన్నాయి మేడమ్," అన్నాడు గర్వంగా. "టెలిస్కోపు అద్దాన్ని ఎవరు పాలిష్ చేశారో దానిక్కూడా గడి పెట్టాను."

"బాగుంది నాయనా. ఇది నింపడం అయ్యేలోపు చూడాల్సిన నక్షత్రం కాస్తా ఆరిపోతుంది."

మా డైరెక్టరు గారు నవ్వారు. ప్రోగ్రామరు తన వైపు చూసేసరికి నవ్వు ఆపేశారు. ఆయన గోడ మీద పిల్లి. గోడ కూలితే తప్ప ఎటు దూకాలో తేల్చుకోరు.

సంగతేమిటంటే, పన్నెండు అబ్జర్వేటరీలు కలిసి ఒక ఉమ్మడి రిజిస్ట్రీ పెట్టుకోవాలనుకున్నాయి. ఆకాశంలో ఏ మూలని ఎవరు ఎప్పుడు ఫొటో తీశారో, అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో చెప్పే ఒకే ఒక్క జాబితా. ఫొటోలు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంటాయి. రిజిస్ట్రీలో ఉండేవి వాటి ఆచూకీలు మాత్రమే. లైబ్రరీలో ఇరవై ఆరేళ్ళు పుస్తకాలకి ఆచూకీలు రాసిన మనిషినని నన్ను ఇందులోకి లాగారు. నక్షత్రాల గురించి నాకు అప్పటికి తెలిసింది అవి పైన ఉంటాయని.

ఇందులో నా స్వార్థం కూడా ఉంది, దాచను. మా ఆఫీసు వెనక భాగంలో ప్లేట్ల గది ఉంది. ఇప్పటి కెమెరాలు రాకముందు ఆకాశాన్ని గాజు మీద ఫొటో తీసేవాళ్ళు. పుస్తకమంత గాజు ప్లేటు, దాని మీద ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లటి చుక్కలుగా ఉంటాయి. అలాంటివి ఆ గదిలో పదకొండు వేలు. వాటిని చూసుకునేది మా బాబాయి, మా నాన్న సొంత తమ్ముడు. రిటైరై పదమూడేళ్ళయినా ఆయన లేకుండా ఏ ప్లేటు ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టి రోజూ వస్తాడు.

గడిచిన ఆరేళ్ళలో ఆ ప్లేట్ల కోసం వచ్చినవాళ్ళు ముగ్గురు. ఎవరూ అడగని సరుకు దేనికని, నెలాఖరుకి గది ఖాళీ చేసి మీటింగు హాలుగా మార్చమని పైనుంచి కాగితం వచ్చింది. గాజు కరిగించేవాళ్ళు వచ్చి బీరువాలు కొలుచుకుని కూడా వెళ్ళారు. ఉమ్మడి రిజిస్ట్రీకి పన్నెండు అబ్జర్వేటరీలూ ఒప్పుకుంటే మాత్రం, అందులో చేరిన దేన్నీ పారెయ్యకూడదని ఒప్పందంలో నాలుగో షరతు. ఆ సంగతి తేలే సమావేశం ఇరవయ్యో తారీఖున. ఆ రోజు రిజిస్ట్రీ పనిచేసి చూపించాలి. చూపించకపోతే మా బాబాయి జీవితమంతా సీసాలై అంగళ్ళలో తేలుతుంది.

నా పద్ధతి లైబ్రరీ పద్ధతి. వచ్చినవాళ్ళు ఏం అడుగుతారో తెలియకుండా అల్మరా సర్దకూడదు. అందుకని మర్నాడు ప్రోగ్రామరుని కూర్చోబెట్టి, ఫారం పక్కన పెట్టి, కథ మొదలుపెట్టాను.

"ఒక పరిశోధకురాలు ఉంది. మంగళవారం పొద్దున ఆమెకి కబురొచ్చింది, ఫలానా చోట ఒక నక్షత్రం ఉన్నట్టుండి వెయ్యింతలు వెలిగిందని. ఇంతకుముందు ఆ చోటు ఎవరైనా చూశారా, చూస్తే ఏం కనిపించిందని ఆమె నిన్ను అడిగింది. ఏం చేస్తావ్?"

"కథలు చెప్పకండి మేడమ్. స్పెసిఫికేషన్ ఇవ్వండి."

"ఇదే నాయనా స్పెసిఫికేషన్. ఆమె నీ ఎదురుగా నిలబడి ఉంది. కాళ్ళు నొప్పెడుతున్నాయి. చెప్పు."

విసుక్కుంటూనే మొదలుపెట్టాడు. ముందు ఆ చోటు ఎక్కడో తెలియాలి. అది ఒక గడి. ఏ తేదీన తీశారో తెలియాలి, రెండో గడి. ఎంత మసక నక్షత్రం వరకూ ఆ ఫొటోలో పడుతుందో తెలియకపోతే 'కనిపించలేదు' అన్న మాటకి అర్థం లేదు, మూడో గడి. ఎవరిని అడిగితే చూపిస్తారు, నాలుగు. తీసినవాళ్ళు దాని గురించి ఏమైనా రాసుకున్నారా, అయిదు. అలా ఆమెని చేయి పట్టుకుని ఫొటో దాకా నడిపించాం. ఎక్కడ ఆగిపోయామో అక్కడ గడి కావాలి. ఆమె కన్నెత్తి చూడకుండా దాటిపోయిన గడి ఫారంలో ఉండక్కర్లేదు.

ఏడు కథలు రాశాను. దారి తప్పిన తోకచుక్క కోసం వెతికేవాడిది ఒకటి, గ్రహశకలం మన మీద పడుతుందా లేదా అని గోళ్ళు కొరుక్కునేవాళ్ళది ఒకటి. రెండు వారాలు తిరిగేసరికి నూట నలభై మూడు గడులు ఇరవై ఒకటయ్యాయి. అద్దం పాలిష్ గడి తీసేసిన రోజు ప్రోగ్రామరు టీ ముట్టలేదు. అయితే ఆ తర్వాతి నుంచి తనే "కథలమ్మ గారూ, ఇంకో కథ ఉందా?" అని అడగడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు పొంగింది. ఒళ్ళు పొంగినప్పుడు కళ్ళు కనిపించవని తర్వాత తెలిసింది.

ప్లేట్ల గదిలో మా బాబాయి పేరు 'మరకలాయన'. డైరెక్టరు దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ అంతే. పొద్దస్తమానం మెత్తటి కుంచె పట్టుకుని ప్లేట్ల మీద దుమ్ము దులుపుతుంటాడు కాబట్టి ఆ పేరొచ్చిందనుకునేదాన్ని. ఒకసారి పిన్నిని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపేసింది.

"ఊరుకోవే. అది మా పెళ్ళికి ముందునుంచీ ఉంది. ఎందుకొచ్చిందని నేనడిగితే ఆ పూట అన్నం తినరు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ కూర నాకే మిగిలింది."

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. రిజిస్టర్లో గానీ, ప్లేటు దాచే కాగితం తొడుగు మీద గానీ రాసినదాన్ని చెరపకూడదు. తప్పని తేలితే ఒక్క గీత కొట్టి, పాతది చదవడానికి వీలుగా ఉంచి, కింద కొత్తది రాసి తేదీ వేసి సంతకం పెట్టాలి. నేను ఒకసారి రబ్బరు తీస్తే, ఎప్పుడూ గొంతు పెంచని బాబాయి నా చేతిలోంచి లాక్కున్నాడు.

"తప్పు కూడా సాక్ష్యమే తల్లీ," అన్నాడు. "ఎవరు ఎప్పుడు ఎలా పొరబడ్డారో రేపొచ్చేవాడికి తెలియాలి."

ఆయన ప్లేట్ల వివరాలన్నీ రిజిస్టర్ల నుంచి రిజిస్ట్రీలోకి ఎక్కించాం. మిగతా పదకొండు అబ్జర్వేటరీలూ తమ జాబితాలు పంపాయి. పదకొండో తారీఖున, సమావేశానికి తొమ్మిది రోజుల ముందు, మాలో మేమే ఒక పరీక్ష పెట్టుకున్నాం. నా కథలన్నీ ఒక్కొక్కటిగా అడిగాం. అన్నిటికీ జవాబులు చకచకా వచ్చాయి. ప్రోగ్రామరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేనొకటి అడగొచ్చా?" అన్నాడు బాబాయి గుమ్మం దగ్గర నిలబడి. చేతిలో ఒక ప్లేటు ఉంది.

"అడగండి అడగండి."

గోడకున్న కొత్త ఆకాశ పటంలో ఒక నక్షత్రాల గుంపుని వేలితో చూపించాడు. ప్రోగ్రామరు దాని స్థానం అంకెల్లో కొట్టాడు. వేరే అబ్జర్వేటరీల ఫొటోలు తొమ్మిది వచ్చాయి. మా ప్లేట్ల గది పేరు ఎదురుగా సున్నా.

"మన దగ్గర లేదండీ," అన్నాడు ప్రోగ్రామరు.

"ఇదిగో, నా చేతిలో ఉంది కదా బాబూ," అన్నాడు బాబాయి మెల్లగా.

"అయితే మీరు రిజిస్టర్లో తప్పు రాసుంటారు."

నాకు ముక్కు మీదే ఉండే కోపం నషాళానికెక్కింది. "ఆయన తప్పు రాయడం ఎవరూ చూడలేదు," అన్నాను. బాబాయి మాత్రం రిజిస్టరు తెచ్చి, అంకెలు చూసి, తెర మీది అంకెలు చూసి, తలాడించాడు.

"రెండూ ఒప్పే. మీ బజారులో ఇళ్ళకి నంబర్లు మార్చారు గుర్తుందా? గోడ మీద పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసుంటాయి. నువ్వు పాత నంబరు వేసి ఉత్తరం రాస్తే, కొత్త నంబర్లే తెలిసిన పోస్టుమేన్ పక్కింట్లో పడేసి పోతాడు. ఇదీ అంతే."

తర్వాత అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. భూమి ఇరుసు బొంగరం తలలా చాలా నిదానంగా ఊగుతుంటుంది. దాంతో ఆకాశం మీద మనం గీసుకున్న గీతలు జరుగుతుంటాయి, నక్షత్రాల నంబర్లు మారుతుంటాయి. అందుకే ఏ స్థానం రాసినా, అది ఏ సంవత్సరపు పటం ప్రకారం రాసిందో పక్కన రాయాలి. ఆయన బీరువాల్లో మొదటి నాలుగూ నూరేళ్ళ కిందటి పటం ప్రకారం రాసినవి. నూరేళ్ళకి వచ్చే తేడా మూడు నిండు చందమామల్ని పక్కపక్కన పెట్టినంత. మా ప్లేటులో పట్టేదే నాలుగు చందమామల వెడల్పు. మధ్య చోటు అంత జరిగితే వెతికే నక్షత్రం ప్లేటు అంచు దాటి బయట పడుతుంది.

ప్రోగ్రామరు పాత ఫారం తీశాడు. నూట పన్నెండో గడి: 'ఏ సంవత్సరపు పటం?' దాని మీద అడ్డంగా పెన్సిలు గీత, పక్కన నా పొడి సంతకం.

అతను నా వైపు చూడలేదు. అది అతని మంచితనం. నేను రాసిన ఏడు కథల్లోనూ అడిగేవాళ్ళందరూ ఇవాళ్టి మనుషులే, వాళ్ళు చూసే ఫొటోలన్నీ ఇవాళ్టి పటం ప్రకారమే. ఎంచి ఎంచి మా బాబాయి గది కోసం మొదలుపెట్టిన పనిలో, మా బాబాయి ప్లేట్లకే దారి మూసేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"తప్పు నాది," అన్నాను. "ఆ గడి నేనే కొట్టేశాను."

"ఒక్క గీతే కొట్టావుగా, చదవడానికి వస్తోంది," అన్నాడు బాబాయి. "కింద మళ్ళీ రాయి."

అలా ఇరవై రెండో గడి పుట్టింది. ఆ తొమ్మిది రోజులు మేము ఇళ్ళకి భోజనానికే వెళ్ళాం. బాబాయి బీరువాల ముందు నడుస్తూ "ఈ అర పాత పటం, ఇది మధ్య పటం" అని చెబుతుంటే నేను రాశాను. పాత నంబరుని కొత్త నంబరుగా మార్చే లెక్క ప్రోగ్రామరు ఒక్క మధ్యాహ్నంలో రాసేశాడు. అబ్జర్వేటరీలన్నిటికీ ఉత్తరాలు రాశాను: మా వల్ల పొరపాటు జరిగింది, దయచేసి ఇంకొక్క గడి నింపండి. పదిమంది మర్యాదగానే నింపారు. అందరిలోకీ పెద్దదైన అబ్జర్వేటరీ మాత్రం నింపి, పైన "ఇదే ఆఖరు" అని రాసి పంపింది.

ఇరవయ్యో తారీఖున ఆ పెద్ద అబ్జర్వేటరీ డైరెక్టరు అందరికంటే ముందొచ్చి, అందరికంటే పెద్ద కుర్చీలో కూర్చున్నారు. పొడగరి, తెల్ల జుట్టు, మాటకి ముందు గొంతు సవరించుకునే అలవాటు. ఆయన దగ్గర నాలుగు టెలిస్కోపులు, మా అందరికంటే పెద్ద భాండాగారం ఉన్నాయి. ఆయనకి రిజిస్ట్రీ అక్కర్లేదు, ఆయన లేకుండా రిజిస్ట్రీకి అర్థం లేదు. ఈ సంగతి ఆయనకి బాగా తెలుసు.

నేను నా మొదటి కథ ఎత్తుకోబోయాను. ఆయన చెయ్యెత్తారు.

"క్షమించండి. ప్రశ్నలు మీరే రాసుకుని జవాబులు మీరే చెప్పుకుంటే మార్కులు రాకేం చేస్తాయి? నేనొకటి అడుగుతాను."

న్యాయమే. ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు.

"నాలుగు రోజుల కిందట మా టెలిస్కోపుకి ఒక నక్షత్రం కనిపించింది. ఉన్నట్టుండి వెలిగింది. ఇవాళ సాయంత్రం ప్రకటిస్తున్నాం, కాబట్టి ఈ గదిలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. ఇంతకుముందు ఆ చోటు ఎవరైనా చూశారా? చూస్తే ఏం కనిపించింది? మా వాళ్ళు మా భాండాగారమంతా వెతికారు. ఏమీ లేదు."

ప్రోగ్రామరు, నేను మొహమొహాలు చూసుకున్నాం. అది నా మొదటి కథ, అక్షరం పొల్లుపోకుండా. కాళ్ళు నొప్పెట్టిన పరిశోధకురాలు చివరికి వచ్చింది, కాకపోతే తెల్ల జుట్టుతో వచ్చింది.

కాగితం మీది అంకెలు ప్రోగ్రామరు కొట్టాడు. గోడ మీది తెర నిండా వరసలు పరుచుకున్నాయి. ఏడు చోట్ల నుంచి ముప్పై ఎనిమిది ఫొటోలు. చాలావాటి పక్కన 'విశేషమేమీ లేదు' అని ఉంది. కిందికి జరుపుతుంటే, యాభై ఒక్క ఏళ్ళ కిందటి తేదీతో మా ప్లేట్ల గది వరస ఒకటి వచ్చింది. వ్యాఖ్య గడిలో ఒకే ఒక్క మాట: మరక.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. బాబాయి లేచి నిలబడ్డాడు. తెర వైపే చూశాడు. తర్వాత ఎవరినీ ఏమీ అడగకుండా బయటికి నడిచాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

రెండు నిమిషాల్లో ప్లేటుతో వచ్చాడు. కింద నుంచి వెలుగొచ్చే లైటు బల్ల మీద పెట్టి, భూతద్దం ఆనించి, చూడకుండానే వేలితో ఒక చోటు చూపించాడు. అందరూ మూగారు. మూడు నల్లటి చుక్కలు త్రిభుజంలా ఉన్నాయి, వాటి మధ్యన ఇంకొకటి, గుండ్రంగా, నల్లగా, గట్టిగా ఉంది.

"ఇది నేను తీసిందండీ," అన్నాడు బాబాయి. "నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అసిస్టెంటుగా చేరి ఏడాదయింది. కొత్త నక్షత్రం కనబడిందని పరిగెత్తుకెళ్ళి మా చీఫ్ గారికి చూపించాను. ఆయన చూసి, మరక నాయనా అన్నారు. మర్నాడూ, ఆ మర్నాడూ మబ్బు పట్టింది. మళ్ళీ ప్లేటు తీసేసరికి పన్నెండు రోజులైంది. అప్పటికి ఏమీ లేదు. ఏడాది పాటు వీలున్నప్పుడల్లా చూశాను. రాలేదు. చీఫ్ గారు సరదాకి నన్ను మరకలాయన అని పిలిచారు. అందరూ పిలిచారు. ఆ తర్వాత టెలిస్కోపు దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. ఈ గది అడిగి తీసుకున్నాను."

కాగితం తొడుగు మీద రెండు రాతలున్నాయి. పైన నీలం సిరాతో కుర్ర రాత: 'ఇక్కడ కొత్త నక్షత్రం.' దాని మీద ఒక్క గీత. కింద ఎర్ర సిరాతో చీఫ్ గారి రాత: 'మరక', తేదీ, సంతకం. యాభై ఒక్క ఏళ్ళు ఆయన ఆ తొడుగుని దుమ్ము దులిపి మళ్ళీ అరలో పెడుతూ వచ్చాడు.

పెద్ద డైరెక్టరు భూతద్దం వదిలి గొంతు సవరించుకున్నారు. ఈసారి మెత్తగానే మాట్లాడారు.

"మీ చీఫ్ స్థానంలో నేనున్నా అదే రాసేవాణ్ణి. ఒక్క ప్లేటు మీద చుక్క సాక్ష్యం కాదండీ. గాజు మీది రసాయనపు పూత చిట్లినా ఇలాగే ఉంటుంది. ఇంకొక ప్లేటు ఉండాలి."

"అవునండీ. నిజమే," అన్నాడు బాబాయి. తల దించుకున్నాడు.

నాకు ఆ తల దించడం నచ్చలేదు. తెర వైపు తిరిగాను. మా వరస కింద ఇంకో వరస ఉంది. అందరూ 'మరక' దగ్గరే ఆగిపోయి దాన్ని చూడలేదు. మా ప్లేటు తర్వాత రెండో రోజు తేదీ, పాత పటం, వ్యాఖ్య గడి ఖాళీ.

"డైరెక్టరు గారూ, ఆ ప్లేటు ఎవరిదో కొంచెం చదివి చెబుతారా?"

చదివారు. గట్టిగా చదవలేదు, కానీ చెవుల దాకా ఎర్రబడ్డారు. అది వాళ్ళదే.

"మా వాళ్ళు వెతికారే," అన్నారు అయోమయంగా.

"కొత్త నంబరుతో వెతికుంటారు సార్," అన్నాడు ప్రోగ్రామరు, ఆ గడి కొట్టేసింది నేనని చెప్పకుండా. "అది పాత నంబరుతో ఉంది. మొన్న మీరు నింపిన ఇరవై రెండో గడి వల్ల దొరికింది."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారని నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం అప్పటికే ఫోను తీసి తమ భాండాగారం ఆవిడతో మాట్లాడుతున్నారు. "అవునమ్మా, కింద గదిలో. పాత పెట్టెలు. లైటు మీద పెట్టి ఫోనుతో ఫొటో తియ్యి. పరిగెత్తకు, గాజు పగులుతుంది. కొంచెం పరిగెత్తు."

అరగంట పట్టింది. టీలు వచ్చాయి, ఎవరూ తాగలేదు. నేను మళ్ళీ కిటికీ చువ్వలు లెక్కపెట్టాను. బాబాయి కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా డైరెక్టరు గారు ఆయన పక్కనే నిలబడి, కుర్చీ వెనక దుమ్ము దులిపారు.

ఫోను మోగింది. పెద్ద డైరెక్టరు చూసి, ప్రోగ్రామరుకి ఇచ్చారు. ఫొటో తెర మీదికి వచ్చింది. వేరే గాజు, వేరే టెలిస్కోపు, వేరే మనుషులు. మూడు చుక్కల త్రిభుజం. మధ్యన నాలుగో చుక్క.

బాబాయి లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా అన్నాడు:

"ఒకే మరక రెండు ఊళ్ళలో పడదు కదండీ."

ముందు చప్పట్లు కొట్టింది పెద్ద డైరెక్టరే. ఆ తర్వాత గదంతా లేచింది. ప్రోగ్రామరు బల్ల మీద గుద్దితే టీ కప్పులు ఎగిరాయి. "ఇది మళ్ళీ మళ్ళీ వెలిగే నక్షత్రం. యాభై ఒక్క ఏళ్ళకి మళ్ళీ వచ్చింది. మీరు మొదటిసారి పట్టుకున్నారు, మేము రెండోసారి," అన్నారు పెద్ద డైరెక్టరు, బాబాయి చేతులు రెండూ పట్టుకుని. సాయంత్రం ప్రకటనని ఆపించారు. కొత్తది రాయించి, మొదట చూసినవాడిగా మా బాబాయి పేరు పెట్టించారు.

ఓటింగుకి ముందు వాదన అంటూ జరగలేదు. చేతులెత్తమనగానే మా డైరెక్టరు గారి చెయ్యి అందరికంటే ముందు లేచింది. పిల్లి దూకింది. పన్నెండు చేతులు. నేను లెక్కపెట్టాను, ఈసారి సంతోషంతో.

అందరూ భోజనాలకి వెళ్ళాక బాబాయి లైటు బల్ల దగ్గర కూర్చుని కలం అడిగాడు. ఎర్ర సిరా 'మరక' మీద ఒక్క గీత కొట్టాడు. పాతది చదవడానికి వీలుగా ఉంచాడు. కింద రాశాడు: 'నక్షత్రమే.' తేదీ వేశాడు. సంతకం పెట్టాడు.

"రిజిస్ట్రీలో కూడా ఇలాగే చెయ్యి తల్లీ. చీఫ్ గారి మాట తీసెయ్యకు. ఉండనీ."

"దానికి వ్యాఖ్య మారినప్పుడు పాతది దాచే ఏర్పాటు కావాలి," అన్నాడు ప్రోగ్రామరు నా వైపు భయంభయంగా చూస్తూ. "ఇంకో గడి కావాలి మేడమ్."

"గియ్యి నాయనా," అన్నాను. అంత ఆనందంగా ఒక మనిషి గడి గీయడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు సర్దుకుంటుంటే పిన్ని ఫోను చేసింది.

"ఏం చేశారే మీ బాబాయిని? పెందలాడే వచ్చి, కంచం తనే పెట్టుకుని, కూర రెండోసారి వడ్డించుకున్నారు."

"ఏమైనా చెప్పాడా?"

పిన్ని ముక్కు చీదిన చప్పుడైంది.

"ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పారే. నేను అడగలేదు. తినేటప్పుడే, తనంతట తనే చెప్పారు."